పథ్యము – నిజానిజములు

ఇంటిలో ఎవరికైన జబ్బు చేసినప్పుడు వైద్యుని కంటె ముందుగా గుమ్మములో అడుగిడునది పథ్యము. "ఏ మందు వేయవలెను?" అను ప్రశ్న కంటె "ఏమి తినకూడదు?" అను ప్రశ్ననే మనవారు ముందడుగుదురు. జ్వరము వచ్చినచో అన్నము మానవలెనని, విరేచనములైనచో నీరు తగ్గించవలెనని, పచ్చకామెరలైనచో నూనె, పసుపు తగులనీయరాదని, బాలింతరాలు పప్పు తిన్నచో చీము పట్టునని తెలుగునాట ఊరూర వినబడుచుండును. వీనిలో కొన్ని హాని లేనివి. కొన్ని మాత్రము ప్రాణము మీదికి తెచ్చునవి. ఏది ఏ కోవకు చెందునో తేల్చుకొనవలెనన్న, రోగసమయమున దేహములో జరుగు పనులను కొంత తెలిసికొనవలెను.

పథ్యమను మాటకు అసలు అర్థము హితమైనది, అనగా రోగికి తగినది అని. వాడుకలో అది తలక్రిందులై తినరానివాని పట్టికగా మారినది. చిక్కంతయు ఇక్కడనే మొదలైనది.

జ్వరము – లంఖణము

"లంఖణము పరమౌషధము" అను సామెత తెలియని తెలుగువారుండరు. జ్వరము వచ్చిన మొదటి రోజున ఆకలి మందగించుట సహజమే. ఒక పూట, ఒక రోజు తినలేకపోయినందువలన ఆరోగ్యవంతునకు వచ్చు నష్టము స్వల్పము. అయితే సామెత అంతటితో ఆగదు. ఆకలియైనను పెట్టరాదనును; వారము, పది దినములు జ్వరము నిలిచినను బార్లీ నీటితో సరిపెట్టుమనును. ఈ భాగమే పరీక్షకు నిలువనిది.

జ్వరమనగా దేహము తన పొయ్యిలో మంటను పెంచుటయే. ఈ మంటను కొలిచి చూచినవారున్నారు. యూజీన్ డుబోయిస్ అను వైద్యుడు న్యూయార్కు నగరమందలి బెల్‌వ్యూ ఆసుపత్రిలో, రోగి పడుకొనుటకు వీలైన ఒక పెద్ద కెలోరిమీటరులో జ్వరపీడితులనుంచి, వారి దేహములు వెలువరించు ఉష్ణమును లెక్కగట్టెను. దేహోష్ణత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగినచో దేహము ఖర్చు చేయు శక్తి సుమారు 13 శాతము పెరుగునని 20వ శతాబ్దపు తొలి దశకములలో జరిగిన ఈ పరిశోధనల సారాంశము. కదలక పడుకొన్న ఒక మనిషికి రోజునకు 1,400 కెలోరీలు కావలెననుకొందము. 40 డిగ్రీల జ్వరములో, అనగా మామూలు కంటె 3 డిగ్రీలు ఎక్కువైనప్పుడు, అతని ఖర్చు సుమారు 1,950 కెలోరీలగును. మంచము దిగకుండగనే ఇంత ఖర్చు! రాబడి మాత్రము లంఖణము పేరిట సున్న.

మరి ఖర్చు ఎక్కడినుండి వచ్చును? కాలేయమున గ్లైకోజన్ రూపములో దాచియుంచిన పిండి పదార్థము 100 గ్రాములకు అటునిటు. అది ఒక రోజులో హరించును. క్రొవ్వు నిలువ ఉన్నను, మెదడునకు కావలసిన గ్లూకోసును క్రొవ్వునుండి తగినంతగా తయారు చేసికొను శక్తి దేహమునకు లేదు. అందుచేత దేహము కండలను కరగించి, అందలి మాంసకృత్తులను గ్లూకోసుగా మార్చుకొనును. ఏ జబ్బును లేని మనిషి పూర్తిగా పస్తున్నప్పుడే మొదటి దినములలో రోజునకు సుమారు 75 గ్రాముల మాంసకృత్తులు ఇట్లు పోవును. కండలో నీటి భాగమే ఎక్కువ గనుక, కండగా లెక్కించినచో ఇది 300 గ్రాములకు పైమాట. జ్వరములో ఈ నష్టము ఇంకను హెచ్చు. రోగక్రిములతో పోరాడు ప్రతిదేహములు కూడ మాంసకృత్తులే. గోడ రాళ్లు తీసి పొయ్యి పేర్చినట్లు, వ్యాధితో పోరాడవలసిన సరుకే కట్టెగా కాలిపోవును.

టైఫాయిడు జ్వరమున అన్నము పెట్టుటకు భయపడుటలో మరియొక కారణమున్నది. ఈ జ్వరములో చిన్న ప్రేగు చివరి భాగమున పుండ్లు పడును. గట్టి ఆహారము తగిలి ఆ పుండు చిల్లుపడునని పెద్దలేకాక ఒకప్పుడు వైద్యులు సైతము నమ్మిరి. మెత్తగా వండి, నమిలి మ్రింగిన అన్నము జీర్ణకోశమునుండి ప్రేగులోనికి దిగునప్పటికి పలుచని జావవలె మారిపోవును. ప్రేగునకు చిల్లు పెట్టునది అన్నపు మెతుకు కాదు, ప్రేగు గోడలోని కణజాలమును చంపు టైఫాయిడు క్రిమి. ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరమున 19వ శతాబ్దపు పూర్వార్ధమున వైద్యము చేసిన రాబర్టు గ్రేవ్స్ జ్వరరోగులను పస్తు పెట్టు ఆచారమును త్రోసిపుచ్చి, వారికి ఆహారమిప్పించెను. జ్వరపీడితులకు అన్నము పెట్టినవాడని తన సమాధిపై వ్రాసిన చాలునని ఆయన శిష్యులతో అనెనని చెప్పుదురు. టైఫాయిడును అణచు మొదటి మందైన క్లోరాంఫెనికాల్ 1948లో గాని ఆ రోగులకు అందుబాటులోనికి రాలేదు. అంతకు నూరేండ్లకు పూర్వమే గ్రేవ్స్ చేయగలిగిన మేలు అన్నము పెట్టించుట.

అట్లయిన లంఖణముతో జ్వరము తగ్గినవారు ఇందరు కనబడుచున్నారేమి? తరగతిలో విద్యార్థులు తప్పక అడుగవలసిన ప్రశ్న ఇది. జలుబుతో వచ్చు జ్వరములవంటివి చాలవరకు నాలుగైదు దినములలో వాటంతటవే తగ్గును. పస్తున్నవాడును లేచును, తిన్నవాడును లేచును. పస్తున్నవాడు లేచినప్పుడు కీర్తి పస్తునకు దక్కును. రెండు జట్లను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చిననాడు గాని కారణమేదో తేలదు. ఇంటి అనుభవములో ఆ రెండవ జట్టు ఎన్నడును ఉండదు.

విరేచనములు – నీరు

జ్వరమున పస్తుంచుట నెమ్మదిగా చెరుపు చేయును. విరేచనములలో నీరు మాన్పించుట గంటలలో చంపును. "నీరు త్రాగినచో ఆ నీరే పోవును గదా, త్రాగకున్న కట్టును" అను వాదము పైకి ఎంతో సబబుగా తోచును. దాని తప్పు తెలియవలెనన్న ప్రేగులోని జమాఖర్చు చూడవలెను.

ఆరోగ్యవంతుడైన పెద్దవాని ప్రేగులోనికి రోజునకు 8, 9 లీటర్ల ద్రవము వచ్చును. అందులో త్రాగిన నీరు, తిన్న ఆహారములోని నీరు కలిసి 2 లీటర్లు మాత్రమే. మిగిలినదంతయు లాలాజలము, జఠరరసము, పిత్తరసము మొదలగు రూపములలో దేహమే లోపల పోసికొనునది. ఇందులో మలముతో వెలికి పోవునది 100 నుండి 200 మిల్లీలీటర్లు. తక్కినదంతయు ప్రేగు తిరిగి పీల్చుకొనును. కలరావంటి వ్యాధిలో క్రిమి విడుచు విషము ప్రేగు గోడ కణములను తారుమారు చేసి, లవణములను, వానితో నీటిని లోపలికి క్రుమ్మరింపజేయును. ఆ పోవునది నిన్న త్రాగిన చెంబెడు నీరు కాదు, రక్తములోని నీరు. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు వరకు పోవుట కలదు. త్రాగుట మానినంత మాత్రమున ఈ ప్రవాహమాగదు. 10 కిలోల బిడ్డ ఒక లీటరు నీటిని కోల్పోయినచో బరువులో పదవ వంతు పోయినట్లు. కన్నులు గుంటలు పడును, గిల్లి విడిచిన చర్మము ముడుతగా నిలిచిపోవును, మూత్రము ఆగును. ఆ స్థితిలో బిడ్డ నోటికి నీరందనీయక కాపలా కాయు తల్లి ప్రేమకు లోపమేమియు లేదు. ఆమెకు చెప్పవలసినవారు చెప్పలేదు, అంతే.

త్రాగించిన నీరు ఒంటబట్టు ఉపాయము కూడ ప్రేగులోనే ఉన్నది. 1960లో రాబర్టు క్రేన్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు ప్రేగు కణము గ్లూకోసును, సోడియమును జతగా లోనికి తీసికొనునని ప్రతిపాదించెను. ఈ జంట ద్వారమును కలరా విషము మూయలేదు. ఉప్పు, చక్కెర తగు పాళ్లలో కలిపిన నీటిని త్రాగించినచో ఆ ద్వారమున సోడియము, గ్లూకోసు ప్రవేశించును. వాని వెంట నీరును ప్రవేశించును. ఉప్పు నీరు ఒక్కటియే ఇచ్చిన ఇంత ప్రయోజనము లేదు.

ఇది ప్రయోగశాలనుండి జనములోనికి వచ్చిన కథ మన దేశమునకు సంబంధించినది. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయమున లక్షలకొలది కాందిశీకులు పశ్చిమ బెంగాలునకు తరలివచ్చిరి. సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లో కలరా చెలరేగినది. నరములలోనికి ఎక్కించు సెలైను చాలక రోగులు నేలపై పడియుండిరి. అప్పుడు దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోసు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, డ్రమ్ములలో కలిపి, రోగుల బంధువులచేతనే కప్పులతో త్రాగింపించెను. అంతకుముందు నూటికి 30 వరకు ఉన్న మరణములు 3.6కు దిగినవి. శిక్షణ పొందిన నర్సులు కాదు, రోగుల తల్లులు, అక్కలు చేసిన చికిత్స ఇది! 1978లో బ్రిటిషు వైద్య పత్రిక లాన్సెట్ ఈ కిటుకు 20వ శతాబ్దపు వైద్య విజయములలో మిక్కిలి ముఖ్యమైనది కావచ్చునని వ్రాసినది. మహలనబిస్ 2022లో మరణించగా, 2023లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది.

ఇప్పటి ఓ.ఆర్.ఎస్. పొట్లము 2002లో సవరించిన పాళ్లతో తయారగుచున్నది. లీటరునకు గ్లూకోసు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు. పొట్లము దొరకనిచోట లీటరు శుభ్రమైన నీటికి అరచెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర, తలగొట్టి కొలిచి, కలిపి ఇచ్చుట ఉత్తమము. చెంచా అనగా టీచెంచా. కొలత తప్పి ఉప్పు ఎక్కువైనచో బిడ్డకు అపాయము. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ మన ఇండ్లలో ఎప్పటినుండియో ఉన్న మంచి పానీయములు. సీసాలలో వచ్చు శీతలపానీయములు మాత్రము పనికిరావు. వానిలో లీటరునకు 100 గ్రాములకు పైగా చక్కెర ఉండును, సోడియము నామమాత్రము. అంత తీపి ప్రేగులో చేరినచో నీటిని దేహమునుండి ప్రేగులోనికి లాగును. ఓ.ఆర్.ఎస్. అను పేరు తగిలించుకొని అంగళ్లలో అమ్ముడైన తీపి పానీయములు కూడ ఈ జాతివే. హైదరాబాదులోని ఒక పిల్లల వైద్యురాలు చాలకాలము పోరాడిన పిమ్మట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు వాడరాదని ఆదేశించినది.

విరేచనములలో తల్లిపాలు మాన్పరాదు. తినగలిగిన బిడ్డకు మెత్తని అన్నము, పప్పుకట్టు పెట్టవచ్చును. ప్రేగు లోపలి పొర నాలుగైదు దినములకొకసారి క్రొత్త కణములతో మారుచుండును. ఆ కణములకు కావలసిన పోషణలో కొంత భాగము ప్రేగులో నడచు ఆహారమునుండియే లభించును. పస్తుంచిన ప్రేగు త్వరగా మానదు. బిడ్డకు ఆరు నెలలు దాటినచో రోజునకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 దినములు జింకు మాత్రలిచ్చుట కూడ ఇప్పటి చికిత్సలో భాగము. ఆరు నెలల లోపు వారికి ఇందులో సగము.

పురిటి పథ్యము

బాలింతరాలి పథ్యము ఇల్లిల్లు తిరిగి చూచినచో ఒక్కొక్క కులమున, ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క తీరుగ నుండును. సామాన్యముగ పాతబియ్యపు అన్నము, వెల్లుల్లి, కారప్పొడి, నేయి ఉండును. పప్పు, ఆకుకూరలు, పండ్లు, పెరుగు ఉండవు. నీరు కొద్దికొద్దిగా, కొన్నిచోట్ల గ్రుక్కల లెక్కన ఇత్తురు. నీరు త్రాగినచో పొట్ట జారునని ఒక భయము, బిడ్డకు జలుబు చేయునని మరియొక భయము.

పాలిచ్చు తల్లి రోజునకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలను తయారు చేయును. అందులో నూటికి 87 పాళ్లు నీరే. అనగా రెండు, మూడు గ్లాసుల నీరు ఆమె దేహమునుండి బిడ్డకు పోవుచున్నది. ఎదురుగా పోయవలసినచోట కట్టడి చేయుట వింత లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన ప్రమాణముల ప్రకారము మొదటి ఆరు నెలలు పాలిచ్చు తల్లికి మామూలుకంటె 600 కెలోరీలు అదనముగా కావలెను. గర్భిణిగా ఉన్ననాటి కంటె ఇది ఎక్కువ.

పప్పు చీమునకు కారణమనుట రంగును, చిక్కదనమును చూచి పుట్టిన ఊహ కావచ్చును. చీమనగా పుండులో చేరిన సూక్ష్మక్రిములతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణముల ముద్ద. క్రిమి లేనిదే చీము లేదు, ఎంత పప్పు తిన్నను. కుట్లు వేసిన గాయము అతుకుకొనుటకు కొల్లాజెన్ అను మాంసకృత్తు కావలెను. దాని తయారీకి సి విటమిను అవసరము. ఈ రెంటికిని ఆధారములైన పప్పును, పండ్లను ఆపి, గాయము మానవలెనని కోరుచున్నాము.

ఈ పథ్యము శిశువుల ప్రాణములు తీసిన సందర్భమొకటి తెలుగు జిల్లాల చరిత్రలోనే ఉన్నది. 20వ శతాబ్దపు పూర్వార్ధమున ఉత్తర సర్కారులు, అనగా నాటి మదరాసు రాష్ట్రములోని కోస్తా తెలుగు జిల్లాలు, బెరిబెరి వ్యాధికి పేరుపడిన ప్రాంతము. మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమును పలుమార్లు కడిగి, వండి, గంజి వార్చి తినుట ఇచ్చటి అలవాటు. బియ్యపు పైపొరలోని బి1 విటమిను, అనగా థయమిన్, మరలో కొంత, కడుగులో కొంత, గంజిలో కొంత పోవును. ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి సోకుట అరుదు. వడ్లను ఉడికించునప్పుడే విటమిను గింజ లోపలికి ఇంకుటయే దానికి కారణము. థయమిన్‌ను దేహము నిలువ చేయగలిగినది 30 మిల్లీగ్రాముల లోపే. రెండు మూడు వారములలో హరించును. ఇట్టి అన్నమే ముఖ్యాహారమైన తల్లికి పురుడు వచ్చినపుడు, ఆ కాస్త థయమిన్ ఇచ్చు పప్పు కూడ నిషిద్ధమైనచో ఆమె పాలలో ఏమి మిగులును?

నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ 1918లో ప్రారంభించిన చిన్న బెరిబెరి పరిశోధన కేంద్రము తరువాత పోషకాహార పరిశోధనాలయమైనది. దాని సంచాలకుడు ఏక్రాయిడ్, సహచరుడు కృష్ణన్ ఈ ప్రాంతపు శిశుమరణములను పరిశీలించి 1941లో ప్రకటించిరి. శిశు బెరిబెరి తీరు భయంకరము. చూపునకు బొద్దుగా నున్న రెండు మూడు నెలల చంటిబిడ్డ పాలు మానును, ఏడ్చును గాని గొంతు పెగలదు, ఊపిరి ఎగబీల్చును, గుండె సొమ్మసిల్లి గంటలలో పోవును. దిష్టి తగిలినదనియో, గాలి సోకినదనియో ఇంటివారు అనుకొనుటలో ఆశ్చర్యము లేదు. సకాలమున థయమిన్ సూదిమందు ఇచ్చినచో ఆ బిడ్డయే కొన్ని గంటలలో తేరుకొనును. వైద్యశాస్త్రమున ఇంత వేగముగా ఫలమిచ్చు చికిత్సలు వ్రేళ్లమీద లెక్కించదగినవి. కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్నది. లావోస్ దేశమున, మయన్మార్ సరిహద్దు కాందిశీకుల శిబిరములలో శిశు బెరిబెరిని ఇటీవలి దశకములలో కూడ వైద్యులు గుర్తించిరి. అక్కడను మూలము తెల్లబియ్యము, పురిటి పథ్యము.

పురిటింటిలోనే ఇంకొక వింత. ఆవు ఈనినప్పుడు తొలిపాలతో జున్ను వండి ఇరుగుపొరుగువారికి పంచుదురు. తల్లి తొలిపాలైన ముర్రుపాలను మాత్రము చెడ్డవని పిండి పారబోయుదురు. ఆ పసుపువన్నె ఎ విటమినుకు మూలమైన కెరొటీనుది. రోజునకు కొద్ది చెంచాలే వచ్చినను అందులో ప్రతిదేహములు దట్టముగా నుండి, శిశువు ప్రేగు గోడకు క్రిములు అంటకుండ పూతవలె కాపాడును. పుట్టిన గంటలోపల వానిని పట్టవలెను. దూడకు దక్కవలసినది మనము తిని, బిడ్డకు దక్కవలసినది నేలపాలు చేయుట ఎక్కడి న్యాయమో!

పచ్చకామెరలలో పసుపు, నూనె మానుటకు మూలము రంగే. కన్ను పచ్చబడునది పసుపువలన కాదు. 120 దినములు బ్రతికి పాతబడిన ఎర్రరక్తకణములు విరిగినప్పుడు పుట్టు బిలిరుబిన్ అను రంగును కాలేయము వెలికి పంపలేకపోవుటయే కామెర. కొరియా యుద్ధకాలమున అమెరికా సైనికులలో వచ్చిన కామెరలపై జరిగిన పరిశోధన 1955లో వెలువడినది. పుష్కలమైన ఆహారము తిన్నవారు కాస్త ముందుగనే కోలుకొనిరి. వికారము ఉన్న దినములలో నూనె వంటకములు సయించవు. సయించినపుడు తినుటలో దోషము లేదు. నీటిద్వారా సోకు ఎ, ఇ రకముల కామెరలు చాలమందిలో కొన్ని వారములలో తమంతట తగ్గును. పసరు వైద్యమునకు వచ్చిన పేరంతయు ఇందుండి వచ్చినదే. అయితే నిండు గర్భిణికి ఇ రకము సోకినచో నూటికి ఇరువదిమంది వరకు మరణించుట కలదు. ఆ ఇంట పసరు కొరకు పోవు రెండు దినముల ఆలస్యమే కొంప ముంచును.

తట్టు పోసిన బిడ్డకు తిరగమోత వాసన తగులరాదని నూనె, గ్రుడ్డు, మాంసము ఆపుదురు. తట్టు దేహములోని ఎ విటమినును త్వరగా హరించును. అసలే కొరతగా ఉన్న బిడ్డ కంటి నల్లగుడ్డు పైపొర కరగి చూపు పోవచ్చును. అందుచేతనే తట్టు సోకిన పిల్లలకు వరుసగా రెండు దినములు ఎ విటమిను మోతాదులిమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇక వేడి, చలువల సంగతి. మామిడిపండు వేడియని, సెగగడ్డలు లేచునని అందురు. సెగగడ్డకు కారణము స్టాఫిలోకాకస్ అను క్రిమి. మామిడిపండ్ల కాలమే చెమట, దుమ్ము, గోకుడు కాలము గనుక రెండును జతగా కనబడును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. పదిమంది విద్యార్థులకు మామిడిపండు, పదిమందికి దోసకాయ పెట్టి, ముందును, గంట తరువాతను థర్మామీటరుతో దేహోష్ణతను చూచి పట్టిక వ్రాయింపవలెను. నోటిలో పండు చల్లదనము తగ్గిన తరువాతనే కొలువవలెనని మరువరాదు.

ఇంత చెప్పినందున పథ్యమే వలదని అర్థము కాదు. రక్తపుపోటు గలవారు ఉప్పును, మధుమేహము గలవారు చక్కెరను తగ్గించుట, మూత్రపిండములు చెడినవారు పొటాషియమును లెక్క చూచికొనుట కొలతలపై నిలిచిన పథ్యములు. అవి వ్యాధిని బట్టి మారును, రక్తపరీక్షను బట్టి సడలును. సీలియాక్ వ్యాధి గలవారు గోధుమ ముట్టరాదన్న, ఆ గోధుమలోని ఏ పదార్థము ఏమి చేయునో చెప్పగలము. పప్పునకు, చీమునకు అట్టి లంకె ఎవ్వరును చూపలేదు.

జబ్బు తగ్గిన పిదప ఏమి పెట్టవలెనో చెప్పు పథ్యము మన ఇండ్లలో చాల తక్కువ. వాడిన బిడ్డకు ఆకలి తిరిగి వచ్చు ఆ దినములలోనే పోయిన బరువు వేగముగా తిరిగి వచ్చును. విరేచనములు కట్టిన తరువాత కనీసము రెండు వారములపాటు రోజునకు ఒక పూట అదనముగా పెట్టవలెనని పిల్లల వైద్యులు చెప్పుదురు. మెత్తని అన్నములో పప్పు, ఒక చెంచా నూనెయో నేయియో, దొరికినచో గ్రుడ్డు, అరటిపండు చాలును.